గెలుపులో పాచికల వాటా ఎంత, మేనేజర్ వాటా ఎంత

"వాడి పాచిక పారింది" అంటాం. వేసిన ఎత్తు ఫలించిందని దాని అర్థం. ఎత్తు వేసినవాడి తెలివి, పాచిక పడిన తీరు రెండూ ఆ ఒక్క మాటలో కలిసిపోయి ఉన్నాయి. సిమ్యులేషన్ బేస్‌బాల్ లీగ్‌లో (నిజమైన ఆటగాళ్ల గణాంకాలతో, పాచికలతోనో కంప్యూటర్‌తోనో ఆడే పోటీ) ఒక మేనేజర్ సీజన్‌ను సమీక్షించేవాళ్లు చేయాల్సిన పని ఆ రెండిటినీ విడదీసి చూడటం. సీజన్ చివర పాయింట్ల పట్టిక చూసి, పైన ఉన్నవాణ్ణి మెచ్చుకుని, కింద ఉన్నవాణ్ణి తప్పుపట్టడం ఐదు నిమిషాల పని. కానీ ఆరేడు నెలలు రోజూ రాత్రి కూర్చుని లైనప్‌లు (ఎవరు ఆడాలో చెప్పే జాబితాలు) రాసుకున్న మనిషికి ఆ ఐదు నిమిషాల తీర్పు అన్యాయం చేస్తుంది.

ఈ లీగ్‌లు ఎలా నడుస్తాయో తెలియనివాళ్ల కోసం బుక్ క్రికెట్ దగ్గర మొదలుపెట్టవచ్చు. మన దగ్గర చాలామంది బడిలో ఆడిన ఆటే అది. పాఠ్యపుస్తకం ఎక్కడో ఒకచోట తెరిస్తే పేజీ నంబర్‌లో చివరి అంకె పరుగులు, సున్నా వస్తే ఔట్. ఆ ఆటలో టెండూల్కర్ పేరు రాసుకున్నా, పదకొండో నంబర్ బ్యాటర్ పేరు రాసుకున్నా పుస్తకానికి తేడా తెలియదు. ఆటగాడి నిజమైన సామర్థ్యాన్ని ఆ పేజీల్లోకి ఎక్కించగలిగితే ఎలా ఉంటుంది? అమెరికాలో బేస్‌బాల్ విషయంలో ఆ పని ఎప్పుడో జరిగింది. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో జె. రిచర్డ్ సైట్జ్ 1951లో ఏపీబీఏ ఆటను అమ్మకానికి తెచ్చాడు. పదేళ్ల తర్వాత 1961లో న్యూయార్క్‌కు చెందిన హాల్ రిచ్‌మన్ స్ట్రాట్-ఓ-మ్యాటిక్ మొదలుపెట్టాడు. 1990ల చివర్లో జర్మనీకి చెందిన మార్కస్ హైన్‌సన్ రాసిన ఔట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్ వచ్చాక మొత్తం లీగ్ కంప్యూటర్‌లోనే నడపడం తేలికైంది. పద్ధతులు వేరైనా సూత్రం ఒకటే: నిజమైన ఆటగాడి నిజమైన గణాంకాలను అవకాశాల లెక్కగా మార్చి, ఫలితాన్ని పాచికకు వదిలేయడం.

స్ట్రాట్-ఓ-మ్యాటిక్‌లో ఒక్క బ్యాటర్ వంతు ఎలా తేలుతుందో చూస్తే మిగతాదంతా అర్థమవుతుంది. ప్రతి ఆటగాడికీ అతని అవకాశాలు రాసి ఉన్న ఒక కార్డు ఉంటుంది. మూడు పాచికలు వేస్తారు. వాటిలో ఒకదాని రంగు వేరు. దాని మీద 1, 2, 3 పడితే బ్యాటర్ కార్డులో ఆ నంబర్ నిలువు వరుస చూడాలి. 4, 5, 6 పడితే పిచ్చర్ (బంతి వేసేవాడు) కార్డులో చూడాలి. మిగతా రెండు పాచికల మొత్తం ఆ నిలువు వరుసలో ఎన్నో గడి చూడాలో చెబుతుంది. ఉదాహరణకు వేరే రంగు పాచిక మీద 5, మిగతా రెండింటి మీద 3, 4 పడ్డాయనుకుందాం. అంటే పిచ్చర్ కార్డులో ఐదో వరుస, ఏడో గడి. అక్కడ "సింగిల్ 1–11, ఔట్ 12–20" అని ఉంటే (సింగిల్ అంటే బ్యాటర్ మొదటి బేస్‌కు చేరే హిట్, మూడు బేస్‌లు దాటి ఇంటికి చేరితే పరుగు) ఇరవై ముఖాల పాచిక ఒకటి వేసి తేల్చుకోవాలి. రెండు పాచికల మీద 7 రావడానికి 36లో 6 అవకాశాలు ఉంటాయి. 2 రావడానికి, 12 రావడానికి ఒక్కొక్కటే. అందుకే ఒక బ్యాటర్ హోమ్‌రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) ఏడో గడిలో ఉంటే ఆ కార్డుకు డ్రాఫ్ట్‌లో, అంటే మేనేజర్లు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు, అంత గిరాకీ. కార్డు చేతిలో ఉన్న మేనేజర్‌కు ప్రతి ఫలితం అవకాశం ఎంతో ముందే తెలుసు, తెలియనిది ఈసారి పాచిక ఎటు పడుతుందో అన్నదే. నిజమైన మైదానంలో ఏ మేనేజర్‌కూ ఇంత స్పష్టత ఉండదు. సమీక్ష ఇక్కడ ఎక్కువ నిక్కచ్చిగా ఉండగలగడానికి కారణం అదే.

ఇంకో సంగతి. ఈ లీగ్‌లో మేనేజర్ అంటే డగౌట్‌లో కూర్చునే మనిషి మాత్రమే కాదు. డ్రాఫ్ట్‌లో ఆటగాళ్లను ఎంచుకునేదీ, ట్రేడ్‌లు (ఆటగాళ్ల మార్పిడి) చేసేదీ, సొంత మైదానం కొలతలకు తగ్గట్టు జట్టు కట్టేదీ, రోజువారీ లైనప్ రాసేదీ, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో (మామూలు మ్యాచ్‌కు తొమ్మిది ఉంటాయి) ఎవరిని బంతి వేయడానికి పంపాలో తేల్చేదీ అతనే. ఒక్క సీజన్‌లో నాలుగైదు ఉద్యోగాలు. ఒకదాంట్లో బాగా చేసి ఇంకోదాంట్లో తప్పు చేసిన మనిషిని ఒక్క గెలుపోటముల సంఖ్యతో కొలవలేం.

లెక్క కోసం ఊహించిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. 24 జట్ల లీగ్, ఒక్కో జట్టుకు 162 మ్యాచ్‌లు. మొదటి మేనేజర్ జట్టు 91 గెలిచి 71 ఓడింది. చేసిన పరుగులు 706, ఇచ్చినవి 702. రెండో మేనేజర్ జట్టు 78 గెలిచి 84 ఓడింది. చేసినవి 742, ఇచ్చినవి 690. పట్టిక చూస్తే మొదటివాడు ప్లేఆఫ్‌కు వెళ్లాడు, రెండోవాడు ఇంటికి వెళ్లాడు. పరుగులు చూస్తే కథ తిరగబడుతుంది.

పరుగుల నుంచి గెలుపులను అంచనా వేసే సూత్రాన్ని బేస్‌బాల్ గణాంకాల రచయిత బిల్ జేమ్స్ ప్రచారంలోకి తెచ్చాడు. చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం ప్లస్ ఇచ్చిన పరుగుల వర్గంతో భాగించాలి. పైథాగరస్ సిద్ధాంతంలా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరే స్థిరపడింది. తర్వాతివాళ్లు వర్గానికి బదులు 1.83 ఘాతం వాడితే ఇంకాస్త కచ్చితంగా వస్తుందని తేల్చారు గానీ, చేత్తో వేసుకునే లెక్కకు వర్గం చాలు. మొదటి జట్టుకు ఇది 81 గెలుపులు ఇస్తుంది. రెండో జట్టుకు 87. అంటే మొదటివాడికి పది గెలుపులు అదనంగా వచ్చాయి, రెండోవాడికి తొమ్మిది తగ్గాయి.

ఆ తేడా ఎక్కడ పుట్టిందో వెతికితే సాధారణంగా ఒక్క పరుగు తేడాతో ముగిసిన మ్యాచ్‌ల దగ్గర దొరుకుతుంది. మన ఉదాహరణలో మొదటి జట్టు అలాంటివి 34 గెలిచి 17 ఓడింది. రెండోది 15 గెలిచి 30 ఓడింది. వెంటనే వినిపించే మాట ఏమిటంటే, "టెన్షన్‌లో నిలబడటం మొదటి మేనేజర్‌కు తెలుసు" అని. ఈ మాట నమ్మే ముందు నిజమైన మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో (అమెరికాలో అత్యున్నత స్థాయి పోటీ) ఏం జరిగిందో చూడాలి.

2012లో బాల్టిమోర్ ఓరియోల్స్ 93 మ్యాచ్‌లు గెలిచింది. పరుగుల తేడా కేవలం 7 (712 చేసి 705 ఇచ్చింది). ఒక్క పరుగు మ్యాచ్‌ల్లో 29 గెలిచి 9 మాత్రమే ఓడింది. అదనపు ఇన్నింగ్స్‌కు వెళ్లిన మ్యాచ్‌ల్లో 16 గెలిచి 2 ఓడింది. మేనేజర్ బక్ షోవాల్టర్ బుల్‌పెన్‌ను (మ్యాచ్ మధ్యలో దిగే పిచ్చర్ల బృందాన్ని) నడిపిన తీరు గురించి ఆ ఏడాదంతా గొప్పగా చెప్పుకున్నారు. ఆ పొగడ్తలో నిజం లేదని కాదు. కానీ మరుసటి ఏడాది అదే మేనేజర్, అదే క్లోజర్ (చివర్లో ఆధిక్యం కాపాడే పిచ్చర్) జిమ్ జాన్సన్ ఉండగా ఒక్క పరుగు మ్యాచ్‌ల్లో ఓరియోల్స్ 20 గెలిచి 31 ఓడింది. మనిషి తెలివి ఒక్క శీతాకాలంలో అంత మారిపోదు. 2007లో అరిజోనా డైమండ్‌బ్యాక్స్ కథ ఇంకా విడ్డూరం. చేసిన పరుగులు 712, ఇచ్చినవి 732. సూత్రం ప్రకారం 79 గెలవాలి. 90 గెలిచి, మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో, వెస్ట్ విభాగంలో మొదటి స్థానంలో నిలిచింది. మేనేజర్ బాబ్ మెల్విన్‌కు ఆ ఏడాది నేషనల్ లీగ్ ఉత్తమ మేనేజర్ పురస్కారం వచ్చింది. తర్వాతి ఏడాది ఆ జట్టు 82 గెలుపుల దగ్గర ఆగింది. మెల్విన్ మంచి మేనేజర్ అనడానికి ఇతర రుజువులు ఎన్నో ఉన్నాయి, ఓక్లాండ్ మేనేజర్‌గా 2012లో ఇంకో భాగమైన అమెరికన్ లీగ్‌లో కూడా అదే పురస్కారం అందుకున్నాడు. కానీ 2007లో వచ్చిన ఆ పదకొండు అదనపు గెలుపులు మాత్రం ఆ రుజువుల్లో చేరవు.

అదృష్టం అనే మాట వాడినప్పుడు అది ఎంత పెద్దదో కూడా చెప్పాలి. సరిగ్గా సగం గెలిచే సామర్థ్యమున్న జట్టు 162 మ్యాచ్‌లు ఆడితే, కేవలం పాచికల వల్ల వచ్చే ప్రామాణిక విచలనం (మామూలుగా అటూ ఇటూ ఉండే తేడా) సుమారు 6.4 గెలుపులు. 81 గెలవాల్సిన జట్టు 75 గెలిచినా, 87 గెలిచినా ఆశ్చర్యపోవాల్సింది లేదు. ప్రతి ఇరవై జట్లలో ఒకటి పదమూడు గెలుపులో, అంతకన్నా ఎక్కువో అటో ఇటో పోతుంది. 24 జట్ల లీగ్ అంటే ప్రతి సీజన్‌లోనూ దాదాపు ఒక మేనేజర్ పాచికల పుణ్యాన హీరో అవుతాడు, లేదా పాచికల పాపాన తిట్లు తింటాడు. ఏ తప్పూ లేకుండానే. సమీక్ష రాసేవాళ్లు ఈ సంఖ్యను కాగితం పైన రాసుకుని మొదలుపెట్టడం మంచిది.

అలాగని తేడానంతా అదృష్టం ఖాతాలో రాసేస్తే అదీ బద్ధకమే. ఇక్కడే సమీక్షలో అసలు పని మొదలవుతుంది.

కార్డులు వాడే చాలా లీగ్‌లలో ఒక పాత పద్ధతి ఉంది. దూరదూరాల ఊళ్లలో ఉన్న మేనేజర్లు పోస్టు ద్వారా లీగ్‌లు నడిపిన రోజుల్లో, సొంత మైదానంలో ఆడే మేనేజర్ పాచికలు వేసేవాడు. అతిథి జట్టు మేనేజర్ ముందే సూచనల కాగితం రాసి పంపేవాడు: ఎడమచేతి పిచ్చర్ వస్తే ఈ లైనప్, ఏడో ఇన్నింగ్స్ తర్వాత ఆధిక్యంలో ఉంటే ఈ రిలీవర్ (మధ్యలో దిగే పిచ్చర్), ఫలానావాడు బేస్ మీద ఉంటే స్టీల్ చేయాలి (హిట్ లేకుండానే తర్వాతి బేస్‌కు పరుగెత్తాలి), ఫలానావాడు వద్దు. ఇప్పుడు ఆ కాగితం స్థానంలో కంప్యూటర్ మేనేజర్‌కు ఇచ్చే సెట్టింగ్‌లు వచ్చాయి. విషయం మారలేదు. సొంత మైదానంలో మేనేజర్ ప్రతి నిర్ణయం స్వయంగా తీసుకుంటాడు, బయట అతని ముందుచూపు ఒక్కటే అతని తరఫున ఆడుతుంది. కాబట్టి ఇంటి రికార్డును, బయటి రికార్డును విడివిడిగా చూస్తే ఒకే మేనేజర్‌లో ఇద్దరు మనుషులు కనిపిస్తారు.

మన ఉదాహరణలో రెండు జట్లూ సొంత మైదానంలో 47 గెలిచి 34 ఓడాయి. బయట మొదటి జట్టు 44 గెలిచి 37 ఓడితే, రెండో జట్టు 31 గెలిచి 50 ఓడింది. 87 గెలవాల్సిన జట్టు ఇంట్లో 47 గెలవడం సరిగ్గా సరిపోయింది. బయట 40 దాకా గెలవాల్సింది. ఆ తొమ్మిది గెలుపులూ బయటే పోయాయి. 81 మ్యాచ్‌లకు పాచికల విచలనం 4.5 కాబట్టి, తొమ్మిది తగ్గడమంటే రెండు విచలనాల దూరం. పూర్తిగా పాచికల వల్ల అయ్యే అవకాశం ఉంది గానీ తక్కువ. ఇలాంటి చోట మ్యాచ్‌ల స్కోర్‌షీట్లు తెరిచి చదవాల్సిందే.

చదివితే ఇలాంటిది దొరుకుతుంది. జూన్‌లో జరిగిన ట్రేడ్‌లో రెండో మేనేజర్ ఒక మంచి ఎడమచేతి రిలీవర్‌ను తెచ్చుకున్నాడు. సొంత మైదానంలో అతన్ని సరైన సమయాల్లో వాడాడు. సూచనల కాగితంలో మాత్రం ఏప్రిల్‌లో రాసిన క్రమమే సెప్టెంబర్ దాకా ఉండిపోయింది. బయట ఆడిన ప్రతి మ్యాచ్‌లో ఎనిమిదో ఇన్నింగ్స్‌కు పాత రిలీవరే వచ్చాడు. కొత్తవాడు బుల్‌పెన్‌లో కూర్చునే ఉన్నాడు. స్టార్టింగ్ పిచ్చర్ (మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్) అలసట గురించి రాసిన గీత కూడా అలాంటిదే, పిచ్చర్ అలసిపోయాక ఇంకో ఇద్దరు బ్యాటర్లు బేస్ చేరేదాకా మార్చొద్దని ఉంది. కాగితం మీద అది ఒక్క వాక్యం. 81 మ్యాచ్‌ల్లో అది ప్రతిసారీ అమలైంది.

ఇప్పుడు సమీక్షకుడికి చెయ్యి దురద పెడుతుంది. తప్పు దొరికింది కాబట్టి తొమ్మిది ఓటములూ దాని మీదే వేసేయాలనిపిస్తుంది. ఆగాలి. ఆ తప్పు ధర ఎంతో వేసి చూడాలి. కొత్త రిలీవర్ రావాల్సిన సందర్భాలు బయటి మ్యాచ్‌ల్లో 30 వచ్చాయనుకుందాం. మంచి రిలీవర్‌కూ, మామూలు రిలీవర్‌కూ ఒక ఇన్నింగ్స్‌లో తేడా వల్ల గెలుపు అవకాశం మహా అయితే 5 నుంచి 8 శాతం మారుతుందనుకుందాం. 30ని 8 శాతంతో హెచ్చిస్తే 2.4 గెలుపులు. స్టార్టర్‌ను ఆలస్యంగా మార్చినందుకు ఇంకో గెలుపు కలపండి. మొత్తం మూడున్నర లోపు. మిగతా ఐదారు ఓటములు పాచికలవే. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే తప్పు ధర కూడా బేస్‌బాల్‌లో తరచుగా మనం అనుకున్నదానికన్నా తక్కువే ఉంటుంది. ఇది మేనేజర్‌ను వెనకేసుకురావడం కాదు. మూడున్నర గెలుపులు తక్కువేమీ కావు, ఒక్క సాయంత్రం కూర్చుని కాగితం తిరగరాస్తే దక్కేవి. కానీ తొమ్మిదిని మూడున్నర అనాల్సిన చోట తొమ్మిది అనకూడదు.

ఒక్కో నిర్ణయాన్ని తూచే తీరు గురించి కూడా చెప్పుకోవాలి. తొమ్మిదో ఇన్నింగ్స్, ఒక్క పరుగు ఆధిక్యం, రెండు ఔట్లు అయ్యాయి, రెండో బేస్ మీద, మూడో బేస్ మీద ఇద్దరు రన్నర్లు. ఎడమచేతి బ్యాటర్ వచ్చాడు. మైదానంలో ఉన్న కుడిచేతి పిచ్చర్ కార్డుతో చూస్తే ఆ బ్యాటర్ హిట్ కొట్టే అవకాశం 32 శాతం. బుల్‌పెన్‌లోని ఎడమచేతి పిచ్చర్ వస్తే 23 శాతం. మేనేజర్ పిచ్చర్‌ను మార్చాడు. పాచికలు వేశాడు: 2, ఆ పక్కన 6, 5. బ్యాటర్ కార్డు, రెండో వరుస, పదకొండో గడి. సింగిల్. ఇద్దరూ ఇంటికి చేరారు, మ్యాచ్ పోయింది. స్కోర్‌బోర్డు మాత్రమే చూసిన సమీక్షకుడు "అనవసరంగా పిచ్చర్‌ను మార్చి మ్యాచ్ చేజార్చుకున్నాడు" అని రాస్తాడు. నిజానికి ఆ రాత్రి ఆ మేనేజర్ తీసుకోగలిగిన అతి మంచి నిర్ణయం అదే. వంద సార్లు ఆ పరిస్థితి వస్తే తొమ్మిది సార్లు అతన్ని కాపాడే నిర్ణయం. సీజన్ సమీక్షలో ఆ మ్యాచ్ అతని మంచి ఖాతాలో పడాలి, ఓడినా సరే. అలాగే కుడిచేతి పిచ్చర్‌నే ఉంచి, అదృష్టం బాగుండి గెలిచినవాడి మ్యాచ్ చెడు ఖాతాలో పడాలి. గెలిచినవాడి నిర్ణయాన్ని తప్పు అనడానికి సమీక్షకుడికి కాస్త ధైర్యం కావాలి, లీగ్‌లో స్నేహితులు ఉన్నప్పుడు మరీను.

బంట్ (బంతిని మెల్లగా తాకించి, తను ఔటైనా రన్నర్‌ను ముందుకు జరపడం), స్టీల్ విషయంలో ఇంత తర్జనభర్జన అక్కర్లేదు, లెక్క సిద్ధంగా ఉంది. 2010 నుంచి 2015 దాకా మేజర్ లీగ్ గణాంకాల్లో, ఔట్ ఏదీ లేకుండా మొదటి బేస్ మీద ఒక రన్నర్ ఉంటే ఆ ఇన్నింగ్స్‌లో సగటున సుమారు 0.86 పరుగులు వచ్చాయి. బంట్ చేసి ఒక ఔట్ ఇచ్చి అతన్ని రెండో బేస్‌కు చేరిస్తే 0.66. అంటే బంట్ సఫలమైనా సగటున నష్టమే. ఒక్క పరుగు చాలు అన్న చివరి ఇన్నింగ్స్‌లో, చాలా బలహీనమైన బ్యాటర్ ఉన్నప్పుడు తప్ప దాన్ని సమర్థించడం కష్టం. స్టీల్‌కు కూడా అదే పట్టిక వాడితే, ఔట్ లేనప్పుడు రెండో బేస్ దొంగిలించే ప్రయత్నం నూటికి 71, 72 సార్లు సఫలమైతేనే గిట్టుబాటు. స్టీల్‌లో 62 శాతమే సాధించిన జట్టు 150 సార్లు ప్రయత్నించిందంటే దానికి పాచికలను తప్పుపట్టలేం. అది మేనేజర్ అభిరుచి, దాని ఖర్చు అతనిదే.

మొదటి మేనేజర్ దగ్గరికి వద్దాం. అతని పది అదనపు గెలుపులు పాచికలవని తేలింది కాబట్టి అతను చేసిందేమీ లేదా? ఈ ప్రశ్నకు జవాబు సీజన్ చివర కాదు, సీజన్ మొదట వెతకాలి. ఏప్రిల్‌లో అతని చేతిలో ఉన్న కార్డుల విలువ ఎంత? సిమ్యులేషన్ లీగ్‌కు ఉన్న గొప్ప సౌకర్యం ఇక్కడ పనికొస్తుంది: అవే జట్లను, అవే కార్డులను కంప్యూటర్‌లో పెట్టి సీజన్‌ను వెయ్యి సార్లు ఆడించవచ్చు. నిజమైన ప్రపంచంలో 2007 సీజన్ ఒక్కసారే జరిగింది, మళ్లీ ఆడించి చూసే వీలు లేదు. 2020లో కరోనా వల్ల మేజర్ లీగ్ ఆగిపోయినప్పుడు బేస్‌బాల్-రిఫరెన్స్ సైట్ ఔట్ ఆఫ్ ది పార్క్ సాయంతో ఆగిన సీజన్‌ను రోజురోజుకూ ఆడించి చూపింది. అభిమానులకు అది ఊరట. సమీక్షకుడికి అదే పనిముట్టు.

మొదటి మేనేజర్ ఏప్రిల్ జట్టును, సాధారణ కంప్యూటర్ మేనేజర్ చేతిలో పెట్టి వెయ్యి సార్లు ఆడిస్తే సగటున 75 గెలుపులు వచ్చాయనుకుందాం. రెండో జట్టుకు 88. ఇప్పుడు చిత్రం స్పష్టమవుతుంది. మొదటివాడు 75 గెలవాల్సిన జట్టును పరుగుల లెక్కలో 81 దాకా లేపాడు. ఆ ఆరు గెలుపుల్లోనూ పాచికల పాలు కొంత ఉండొచ్చు, హిట్లన్నీ ఒకే ఇన్నింగ్స్‌లో పడితే పరుగులు పెరుగుతాయి, విడివిడిగా పడితే తగ్గుతాయి. కానీ చాలావరకు అతని పనే అని చెప్పగలిగే ఆధారాలు అతని సీజన్ నిండా ఉన్నాయి.

వాటిలో అన్నిటికన్నా మెచ్చుకోవాల్సింది చిన్న కార్డులను వాడిన తీరు. ఏ సీజన్‌లోనైనా తక్కువ సార్లు బ్యాటింగ్ చేసి అద్భుతంగా కొట్టిన ఆటగాళ్లు కొందరుంటారు. 90 సార్లు బ్యాటింగ్‌కు వచ్చి ఎడమచేతి పిచ్చర్లను ఉతికేసిన ఆటగాడి కార్డు, ఆ పిచ్చర్ల మీద, సూపర్‌స్టార్ కార్డులా ఉంటుంది. అలాంటి కార్డును ఎవరైనా 600 సార్లు వాడేస్తే లీగ్ అర్థం లేకుండా పోతుంది కాబట్టి, నిజమైన సీజన్‌లో ఆడినన్నిసార్లు, లేదా అంతకు కొద్దిగా ఎక్కువ మాత్రమే వాడుకోవాలని చాలా లీగ్‌లు పరిమితి పెడతాయి. ఆ పరిమితి ఒక రేషన్ కార్డు లాంటిది. జులైకల్లా సరుకంతా వాడేసుకుని సెప్టెంబర్‌లో చేతులు ముడుచుకు కూర్చునే మేనేజర్లు ప్రతి లీగ్‌లో ఉంటారు. మొదటి మేనేజర్ అలా చేయలేదు. తన డివిజన్‌లో ఎడమచేతి స్టార్టర్లు ఎక్కువగా ఉన్న రెండు జట్లతో సెప్టెంబర్‌లో మ్యాచ్‌లున్నాయని షెడ్యూల్ చూసి, తన 90 సార్ల బ్యాటర్‌లో సగం దానికోసం దాచిపెట్టాడు. ఇది ఎవరికీ కనపడని పని. పట్టికలో దీనికి గడి లేదు. కానీ మేనేజర్ అంటే ఇదే.

రెండోది షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) ట్రేడ్. స్ట్రాట్-ఓ-మ్యాటిక్‌లో ఫీల్డర్లకు 1 నుంచి 5 దాకా రేటింగ్, 1 అంటే అత్యుత్తమం. పిచ్చర్ కార్డు మీద కొన్ని గడుల్లో ఫలితానికి బదులు "ఫలానా ఫీల్డర్‌ను చూడు" అని ఉంటుంది, అవి షార్ట్‌స్టాప్‌కు, సెకండ్ బేస్‌కు ఎక్కువగా పడతాయి. మేలో అతను 4 రేటింగ్ ఉన్న షార్ట్‌స్టాప్‌ను వదులుకుని, బ్యాటింగ్ కాస్త తక్కువైనా 1 రేటింగ్ ఉన్నవాణ్ణి తెచ్చాడు. అప్పట్లో లీగ్‌లో చాలామంది నవ్వి ఉంటారు, ఎందుకంటే బ్యాటింగ్ సగటు అందరికీ కనిపిస్తుంది, ఆగిపోయిన హిట్లు ఎవరికీ కనిపించవు. అతని పిచ్చర్లు ఆ తర్వాత ఇచ్చిన పరుగులు తగ్గాయి. ట్రేడ్‌ను తూచేటప్పుడు ఒక నియమం వదలకూడదు: ఆ రోజు అతనికి తెలిసినదాన్ని బట్టి తూచాలి, తర్వాత జరిగినదాన్ని బట్టి కాదు. ఆటగాళ్లను ఏటేటా కొనసాగించే లీగ్‌లలో ఇది ఇంకాస్త చిక్కు. నిరుటి కార్డులతో ఈ సీజన్ ఆడుతుండగానే, నిజమైన ఆటగాళ్లు బయట ఈ ఏటి మ్యాచ్‌లు ఆడుతుంటారు. అవి వచ్చే ఏటి కార్డులవుతాయి. జులైలో ఒక ముసలి స్టార్‌ను అమ్మి కుర్రవాణ్ణి తెచ్చుకున్న మేనేజర్ ఈ ఏడాది ఓడిపోవడానికి ఒప్పుకుని, వచ్చే ఏడాదిని కొన్నాడు. అలాంటివాడి సీజన్‌ను గెలుపుల సంఖ్యతో కొలిస్తే, నాట్లు వేసిన నెలలో కోత ఎంతని అడిగినట్టే.

ప్లేఆఫ్ గురించి ఎక్కువ మాట్లాడాల్సింది లేదు. ఒక్కో మ్యాచ్‌లో 55 శాతం గెలిచే జట్టు కూడా ఏడు మ్యాచ్‌ల సిరీస్ గెలిచే అవకాశం 61 శాతమే. మొదటి మేనేజర్ మొదటి రౌండ్‌లోనే ఓడిపోయినా, కప్పు ఎత్తుకుపోయినా సమీక్షలో అతని మార్కులు పెద్దగా మారకూడదు.

ఇలా చూస్తే ఆ ఇద్దరి సీజన్లు ఇలా తేలతాయి. మొదటివాడు నిజంగా మంచి మేనేజర్, కానీ అందరూ చెప్పుకునే కారణానికి కాదు. ఒక్క పరుగు మ్యాచ్‌లు అతని ప్రతిభ కాదు. షార్ట్‌స్టాప్, రేషన్ చేసుకున్న బ్యాటర్, బయటి మ్యాచ్‌లకు నెలనెలా తిరగరాసిన సూచనల కాగితం, అవీ అతని ప్రతిభ. వచ్చే ఏడాది అతను ఇవే పనులు ఇంతే బాగా చేసి 80 గెలుపుల దగ్గర ఆగిపోతే దిగజారాడని ఎవరూ రాయకూడదు. రెండోవాడు డ్రాఫ్ట్‌లో లీగ్‌లోకెల్లా బలమైన జట్లలో ఒకదాన్ని కట్టాడు, దాన్ని సొంత మైదానంలో సరిగ్గా నడిపాడు. నాలుగు గెలుపుల లోపు కాగితం దగ్గర పోగొట్టుకున్నాడు, మిగతావి పాచికలు తీసుకున్నాయి. అతనికి జట్టును విడగొట్టుకోవాల్సిన అవసరం లేదు. ఓడిపోయిన బాధలో డిసెంబర్‌లో ఇద్దరు మంచి పిచ్చర్లను అమ్మేస్తే మాత్రం, ఈ సీజన్‌లో అతను చేసిన అతి పెద్ద తప్పు సీజన్ అయిపోయాక చేసినది అవుతుంది. ఈలోగా అతను చేయాల్సింది ఒక్కటే: ఏప్రిల్ తేదీ ఉన్న ఆ సూచనల కాగితం తీసి, ఎనిమిదో ఇన్నింగ్స్ గీత దగ్గర పాత రిలీవర్ పేరు కొట్టేసి కొత్త పేరు రాయడం.